గాలి దిగిన చోట ఉక్కు

రాత్రి నిటారుగా నిలబెట్టిన బండి తెల్లారేసరికి వెనకవైపు కూలబడి ఉంటుంది. మడ్‌గార్డు అంచుకీ టైరుకీ మధ్య వేళ్లు కూడా దూరవు. స్టార్ట్ చేయగానే కింద ఎక్కడో చిన్న మోటారు గుయ్యిమంటూ తిరుగుతుంది, కాసేపటికి వెనకభాగం మెల్లగా పైకి లేస్తుంది. కావలి నుంచి కృష్ణపట్నం దాకా సముద్రం వెంబడి ఊళ్లలో, గాలి సస్పెన్షన్ మీద, అంటే ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్ల మీద నిలిచే పాతబడిన ఖరీదైన ఎస్‌యూవీలు ఉన్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. "ఎనక కూలబడతా ఉండాది అన్నా" అంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే తరచుగా వినిపించే సలహా కూడా తెలిసిందే: గాలి బెలూన్లు పీకేసి కాయిల్ స్ప్రింగులు వేసేద్దాం.

చాలా బండ్లకు అది మంచి సలహానే. కానీ ఏ స్ప్రింగు వేయాలో తేల్చే ప్రశ్న ఒకటుంది, దాన్ని అడిగేవాళ్లు తక్కువ. మీ బండి వెనక మామూలు రోజుల్లో ఎంత బరువు ఉంటుంది? గాలి సస్పెన్షన్ ఉన్నన్నాళ్లూ ఈ లెక్క మీరు చూసుకోనక్కర్లేదు, బండే చూసుకుంటుంది. ఉక్కు స్ప్రింగు వేసే రోజున మాత్రం ఆ లెక్క మీరు ఒక్కసారి, సరిగ్గా చెప్పాలి. ఎందుకో తెలియాలంటే బెలూన్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఉదాహరణకు వెనక ఒక్కో బెలూన్ మీద 500 కిలోల బరువు ఉందనుకుందాం. లోపలి గాలి నెట్టే వైశాల్యం 12 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తమంత అనుకుంటే, ఆ బరువును మోయడానికి సుమారు 4.3 బార్ల ఒత్తిడి కావాలి. పెట్రోలు బంకులో గాలి పట్టేవాళ్ల లెక్కలో 63 పీఎస్‌ఐ, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు రెండింతలు. ఇప్పుడు డిక్కీలో 25 కిలోల రొయ్యల మేత బస్తాలు 12 వేశారు. ఆ 300 కిలోలూ వెనక ఇరుసు మీదే పడ్డాయనుకుంటే ఒక్కో పక్కకు 150 కిలోలు పెరిగాయి. బండి కొంచెం దిగుతుంది. ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఉన్న ఎత్తు సెన్సర్ దాన్ని పసిగట్టి చెబితే, కంప్రెషర్ ఒత్తిడిని 5.6 బార్లకు పెంచుతుంది. బండి మళ్లీ మునుపటి ఎత్తుకు వస్తుంది.

ఎత్తు సరిచేయడం కంటికి కనిపించే పని. కనిపించని పని ఇంకొకటి జరిగింది, నా దృష్టిలో గాలి సస్పెన్షన్ అసలు గొప్పతనం అక్కడే ఉంది. మూసి ఉన్న గాలిని నొక్కితే దాని ఒత్తిడి పెరుగుతుంది. మొదటే ఎక్కువ ఒత్తిడిలో ఉన్న గాలిని అంతే మేర నొక్కితే, ఆ పెరుగుదల కూడా ఎక్కువగా ఉంటుంది. అంటే బరువు వేసి గాలి నింపగానే స్ప్రింగు గట్టిదనమూ దానంతటదే పెరిగింది. మన లెక్కలో బరువు 30 శాతం పెరిగితే గట్టిదనం సుమారు 25 శాతం పెరుగుతుంది. రెండూ దాదాపు కలిసి పెరుగుతాయి కాబట్టి బండి ఊగే వేగం పెద్దగా మారదు. ఖాళీగా వెళ్లినా, మేత బస్తాలతో వెళ్లినా, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లినా వెనకసీటులో కూర్చున్నవాళ్ల ఒంటికి తగిలే ఊపు దాదాపు ఒకటే. ఇది ఏ కంప్యూటరూ చేసింది కాదు, గాలి స్వభావమే అంత.

సెకనుకు ఒకటీ ఒకటిన్నర సార్ల మధ్య ఊపును మన ఒళ్లు హాయిగా తట్టుకుంటుంది. 4 నుంచి 8 సార్ల మధ్య నిలువు కుదుపులు పొట్టకూ నడుముకూ పడవు. సస్పెన్షన్ తయారుచేసేవాళ్లందరూ మొదటి దాని దగ్గర ఉండటానికీ, రెండోదాన్ని మనదాకా రానీయకపోవడానికీ తంటాలు పడతారు.

గాలి స్ప్రింగు, ఉక్కు స్ప్రింగు రెండింటి శాస్త్రమూ ఒకే గదిలో మొదలైంది. 1659 ప్రాంతంలో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్‌కు గాలి పంపు తయారుచేసి ఇచ్చిన కుర్ర సహాయకుడు రాబర్ట్ హుక్. ఆ పంపుతో మొదలైన పరిశోధనలోంచే గాలి పరిమాణం తగ్గేకొద్దీ ఒత్తిడి పెరుగుతుందన్న బాయిల్ సూత్రం 1662లో వచ్చింది. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో వెనక్కి లాగుతుందన్న తన సూత్రాన్ని హుక్ 1678లో వెల్లడించాడు. ఇప్పుడు ఆటోనగర్‌లో ఒకదాన్ని విప్పి ఇంకొకదాన్ని బిగిస్తున్నామంటే, బాయిల్ సూత్రం మీద నడిచే బండిని హుక్ సూత్రం మీదికి మారుస్తున్నామన్నమాట.

ఈ మార్పు మన దగ్గర పుట్టింది కూడా కాదు. 1957లో అమెరికాలో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ కారు గాలి సస్పెన్షన్‌తో వచ్చింది. అప్పట్లో అదో అద్భుతం. గాలి కారిపోయే బాధ పడలేక చాలామంది యజమానులు దానికి కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారు.

ఇంతకీ ఎందుకు కారుతుంది? బెలూన్ అంటే నైలాన్ దారాల పొరలు కలిపిన రబ్బరు గొట్టం. అది కింద ఒక పిస్టన్ మీదికి మడతపడి, చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా ఆ మడత దొర్లుతూ ఉంటుంది. ఎండా, గాలిలోని ఓజోనూ సాగి ఉన్న రబ్బరును నెర్రెలు విచ్చేలా చేస్తాయి. మన వైపు వీటికి ఇసుక తోడవుతుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్ల దారుల్లో లేచే సన్న ఇసుక ఆ మడతలో చేరి, బండి కదిలినంతసేపూ రబ్బరును అరగదీస్తుంది. ఇసుకపల్లి ఉప్పు మళ్ల దగ్గరి గాలి ఇనుప బిగింపులనూ కరెంటు కనెక్టర్లనూ తినేస్తుంది.

లీకు పట్టుకోవడానికి స్కానర్ కన్నా ముందు సబ్బునీళ్ల స్ప్రే సీసా కావాలి. బండిని పూర్తి ఎత్తుకు లేపి, చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, మడత చుట్టూ సబ్బునీళ్లు కొట్టి టార్చి వేసి చూడాలి. పెద్ద చిల్లి ఉంటే బుడగలు ఉబ్బి పగులుతాయి. వయసు మీద పడిన బెలూన్‌లో అలా ఉండదు. మడత పొడవునా వెంట్రుకంత సన్నటి గీతల్లోంచి తెల్లటి నురగ నిదానంగా ఊరుతుంది, తుడిస్తే మళ్లీ అక్కడే ఊరుతుంది. అలాంటి రబ్బరుకు అతుకు పనికిరాదు. ఇక్కడ ఒక జాగ్రత్త. మధ్యాహ్నం 38 డిగ్రీల్లో నిలిపిన బండికి తెల్లవారుజామున 28 డిగ్రీలయితే, లోపలి గాలి మూడు శాతం పైచిలుకు కుంచించుకుంటుంది. దానివల్ల వెనకభాగం అర సెంటీమీటరు దిగితే అది లీకు కాదు. రెండు మూడు వేళ్లు దిగితే లీకే.

చిన్న లీకు పెద్ద ఖర్చుగా మారే దారి కంప్రెషర్ పక్కన ఉండే డ్రయ్యర్‌లో ఉంది. బయటి గాలిలోని తేమను పీల్చుకునే సిలికా గింజలు అందులో ఉంటాయి. మామూలుగా బండి ఎత్తు తగ్గించాల్సి వచ్చినప్పుడు బెలూన్‌లోని పొడిగాలి ఆ గింజల మీదుగానే బయటికి పోతుంది. పోతూ పోతూ వాటిలోని తేమను తీసుకెళ్తుంది, గింజలు మళ్లీ ఆరతాయి. లీకు ఉంటే గాలి అటు రాకుండా రబ్బరు నెర్రెలోంచే పోతుంది. కంప్రెషర్ రోజూ మన తీరం తేమగాలిని లోపలికి లాగుతుంది, గింజలు ఆరే అవకాశమే రాదు. నీరు వాల్వుల దాకా చేరుతుంది. కొద్దిసేపు తిరిగి ఆగడానికి తయారైన ఆ చిన్న మోటారు అదేపనిగా తిరిగి చివరికి కాలిపోతుంది. అందుకే బండి కూలబడటం మొదలైన నెలలోనే చూపించుకుంటే రబ్బరుతో పోయేది, ఏడాది ఆగితే కంప్రెషర్, వాల్వు బ్లాకు కూడా బిల్లులో చేరతాయి.

మరి చెన్నై, విజయవాడ మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా పరుగెత్తే వోల్వో బస్సులూ గాలి మీదే నడుస్తాయి కదా, వాటికి లేని జబ్బు కార్లకే ఎందుకు అనిపించవచ్చు. బస్సులో కంప్రెషర్‌ను తిప్పేది ఇంజనే. గాలి బ్రేకుల కోసం రోజంతా పనిచేసేలా చేసిన దిట్టమైన యంత్రం అది. కాస్త గాలి కారినా దానికి లెక్కలేదు. బెలూన్లు పెద్దవి, చేతికి అందేచోట ఉంటాయి, డిపోలో వాటిని చూసే మనిషి ఉంటాడు. గాలి సస్పెన్షన్ నాసిరకం అని తీర్పు చెప్పేవాళ్లు ఈ బస్సులను ఒకసారి గమనించాలి. లోపం గాలిది కాదు, దానికి కార్లలో ఇచ్చిన సరంజామాది.

ఇక ఉక్కు సంగతి. కాయిల్ స్ప్రింగును నొక్కినప్పుడు తీగ వంగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తడిబట్టను పిండినట్టు తీగ తన చుట్టూ తాను మెలిపడుతుంది. అందుకే దాని గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల తీగ బదులు 17 మిల్లీమీటర్లది వాడి, చుట్టలూ వ్యాసమూ అలాగే ఉంచితే గట్టిదనం 27 శాతం పెరుగుతుంది. కంటికి రెండు స్ప్రింగులూ ఒకేలా ఉంటాయి. "సైజు సరిపోయింది సార్" అని వేరే బండి స్ప్రింగు తెచ్చి బిగిస్తే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఎత్తు ఎక్కువైందని ఒక చుట్ట కోసేయడం ఇంకా చెడ్డపని. ఏడు చుట్టల్లో ఒకటి పోతే మిగిలింది 17 శాతం గట్టిపడుతుంది, పైగా కోసిన కొస స్ప్రింగు ఆనే గిన్నెలో, అంటే దాని సీటులో, సరిగ్గా కూర్చోదు.

ఇందాకటి బండికే లెక్క చూద్దాం. ఒక మిల్లీమీటరు నొక్కడానికి 4 కిలోల బరువు పట్టే స్ప్రింగు వేస్తే, ఖాళీ బండి సెకనుకు సుమారు 1.4 సార్లు ఊగుతుంది. హాయిగా ఉంటుంది. మేత బస్తాలు వేయగానే వెనక 37 మిల్లీమీటర్లు దిగుతుంది, పైకి లేపే కంప్రెషర్ ఇక లేదు. మిల్లీమీటరుకు 6 కిలోలు పట్టే స్ప్రింగు వేస్తే 25 మిల్లీమీటర్లే దిగుతుంది. కానీ ఖాళీగా వెళ్లిన రోజున ఊపు 1.7 దాటుతుంది, ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకు తెలుస్తుంది. రెండింటికీ మధ్య దారిగా ఒక కొసన చుట్టలు దగ్గరదగ్గరగా ఉండే స్ప్రింగులు దొరుకుతాయి. బరువు పడ్డప్పుడు ఆ దగ్గరి చుట్టలు ఒకదానికొకటి ఆనుకుని పని మానేస్తాయి, మిగిలిన చుట్టలు తక్కువ కాబట్టి స్ప్రింగు గట్టిపడుతుంది. గాలి చేసే పనిలో కొంత భాగం ఇది చేస్తుంది, మొత్తం చేయలేదు.

నా మట్టుకు నేను చెప్పేది ఇది. రోజూ ఇంచుమించు ఒకే బరువుతో ఇంటికీ చెరువుకూ తిరిగే బండికి ఉక్కే మేలు, ఆ రోజువారీ బరువుకు తగ్గ స్ప్రింగు ఎంచుకుంటే చాలు. ఒకరోజు ఒక్కరే, మర్నాడు ఏడుగురు సామాన్లతో, ఇంకోరోజు వెనక ట్రాలీ తగిలించుకుని వెళ్లేవాళ్లు మాత్రం కంప్రెషర్ బాగున్నంతకాలం బెలూన్లు జతగా మార్చుకుని గాలితోనే ఉండటం మంచిది. నాలుగు చక్రాలకూ గాలి ఉన్న బండిలో వెనక రెండే మార్చడం మరీ తెలివితక్కువ పని. ముందుభాగం కంప్యూటర్ చెప్పినట్టు లేస్తూ దిగుతూ ఉంటే వెనకభాగం కదలదు.

ఉక్కు వేశాక మర్చిపోయేవి కొన్ని ఉన్నాయి. అందులో హెడ్‌లైట్లు నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఆ తప్పుకు ఇబ్బంది పడేది ఎదుటివాడు. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.8 మీటర్లనుకోండి. వెనక 37 మిల్లీమీటర్లు దిగితే లైటు ముక్కు పైకెత్తుతుంది. 50 మీటర్ల దూరంలో వెలుగు 66 సెంటీమీటర్లు పైకి పోతుంది. డిమ్ లైటును మామూలుగా 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు కిందికి వాలేలా పెడతారు. ఆ వాలు మొత్తం ఇక్కడే ఖర్చయిపోయి, ఎదురుగా వచ్చే మోటార్ సైకిల్ మనిషి కళ్లలోకి వెలుగు పోతుంది. చాలా బండ్లలో లైట్లను దానంతటదే సర్దే ఏర్పాటు కూడా ఎత్తు సెన్సర్ మీదే ఆధారపడుతుంది. కాబట్టి బెలూన్లతో పాటు ఆ సెన్సర్‌ను పీకి పడేయనివ్వకండి. దాని లింకు రాడ్‌ను కొత్త ఎత్తుకు సరిచేసి అక్కడే ఉంచమనండి.

షాక్‌లు, అంటే షాక్ అబ్జార్బర్లు కూడా చూడాలి. స్ప్రింగు ఊపును ఆపేది అవే, కంపెనీ వాటిని గాలి స్ప్రింగుకు తగ్గట్టు తయారుచేసి ఉంటుంది. స్ప్రింగు గట్టిపడితే ఊపును పట్టే బలమూ పెరగాలి. గాలి స్ప్రింగు, షాక్ ఒకే ముక్కగా ఉండే మోడళ్లలో ఆ స్ట్రట్ మొత్తం మార్చాల్సి వస్తుంది. డాష్‌బోర్డు మీద వెలిగే హెచ్చరిక లైటును బల్బు పీకేసి ఆర్పడం పద్ధతి కాదు. సస్పెన్షన్ యూనిట్‌ను స్కానర్‌తో కోడింగ్ చేయించాలి, లేదా ఆ మోడల్‌కు దొరికే స్ప్రింగు మార్పిడి కిట్‌తో వచ్చే మాడ్యూల్ పెట్టించాలి. కిట్టు బిల్లు దాచుకుని, ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

విప్పేటప్పుడు ప్రాణానికి ముప్పు ఉండే ఘట్టం ఒకటుంది. గాలి పూర్తిగా వదలకుండా గొట్టం బిగింపు తీయకూడదు. 60 పీఎస్‌ఐ దాటిన గాలి పైపును, బిగింపు ముక్కను విసిరికొడుతుంది. గాలి వదిలితే బండి ఒక్కసారిగా కూలబడుతుంది కాబట్టి ముందే చాసిస్‌ను స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి కింద దూరకూడదు. కంప్రెషర్ ఫ్యూజు కూడా ముందే తీసిపెట్టాలి, లేకపోతే తలుపు తెరిచినప్పుడో తాళం తిప్పినప్పుడో అది మళ్లీ గాలి నింపబోతుంది.

బిగించిన రోజే, బండి నేల మీద నిలిచాక, నాలుగు వైపులా చక్రం మధ్యనుంచి మడ్‌గార్డు అంచుదాకా టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. కొత్త స్ప్రింగులూ రబ్బరు సీట్లూ మొదటి కొన్ని వారాల్లో కొద్దిగా సర్దుకుంటాయి. ఆ తర్వాత మెకానిక్ దగ్గరే మళ్లీ కొలిచినప్పుడు కుడిఎడమల తేడా లేకపోతే చక్రాల అలైన్‌మెంట్ చేయించి, డిక్కీలో రోజూ వేసే బరువు వేసి, గోడ ముందు నిలిపి హెడ్‌లైట్లు సర్దించుకోండి. తేడా ఉంటే మాత్రం బండిని ఇంటికి తీసుకెళ్లకుండా స్ప్రింగు కొస సీటులో సరిగ్గా కూర్చుందో లేదో అక్కడే విప్పి చూపించమనండి.