షెడ్డు వాసనకు బూడిద, సున్నం, బయోచార్: అపోహలు – వాస్తవాలు

వానలు మొదలైతే చాలు, కోళ్ల, పశువుల షెడ్ల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు. "డాక్టరుగారూ, వాసనకి ఊళ్లోవాళ్లు గొడవ పెడుతున్నారండి. బయోచార్ వేశానండి, ఇంకా ఘాటెక్కిందండి." బయోచార్ అంటే గాలి సరిగా అందకుండా కాల్చి చేసిన బొగ్గు. ఏం వేశారని గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. పొయ్యి బూడిదో, రైస్ మిల్లు బాయిలర్ దగ్గర ఊరికే ఇచ్చే నల్ల బూడిదో వేసి ఉంటారు. పైన ఇంత సున్నం.

అపోహ: బూడిద, సున్నం, బయోచార్ అన్నీ ఒకటే. వాసనను లాగేస్తాయి.

రైతు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. కోడి పెంటలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విడగొడితే అమ్మోనియా పుడుతుంది. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే పెరిగేకొద్దీ క్షారం ఎక్కువ. అది 7 దగ్గర ఉన్నంతసేపు అందులో 99 శాతం అమ్మోనియం రూపంలో తడిలోనే ఉంటుంది, పైకి లేవదు. పీహెచ్ 9కి చేరిందా, మూడో వంతుకు పైగా గ్యాస్ అయిపోతుంది. కట్టెల బూడిద పీహెచ్ 10 పైనే, సున్నం 12 పైన. అంటే మనం చేత్తో చల్లి మరీ నత్రజనిని గాల్లోకి తోలుతున్నాం. మిల్లు బూడిదలో ఎక్కువ భాగం సిలికా. నల్లగా ఉన్నంత మాత్రాన అది బయోచార్ కాదు.

"రెండు మూడు రోజులకి వాసన తగ్గింది కదండీ" అంటారు. తగ్గుతుంది, పోవాల్సింది పోయాక. టన్ను ఎరువులో 2 శాతం నత్రజని అనుకుంటే 20 కిలోలు. సగం ఎగిరిపోతే 10 కిలోలు. అది దాదాపు అర బస్తా యూరియా. లారీకి ఎంతో మీరే లెక్క వేసుకోండి.

అనపర్తి వైపు ఒక లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారానికి వెళ్లాను. ముందు రోజు సాయంత్రం పంజరాల కింద పెంట మీద సున్నం కొట్టించారు. తెల్లారేసరికి కోళ్లు కళ్లు మూసుకుని తలలు వాల్చి నిలబడ్డాయి. అమ్మోనియా 25 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 25 వంతులు) దాటితే కళ్లు, శ్వాసనాళం దెబ్బతింటాయి. ఆయన పాపం రాత్రంతా నిద్రపోలేదు. "మా అమ్మమ్మ కాలం నుంచి పశువుల పాకలో బూడిదే కదండీ చల్లేది?" అన్నారు. మా ఇంట్లోనూ అంతే. కానీ అది నాలుగువైపులా గాలాడే పాక, రోజూ పేడ ఎత్తేసేవాళ్లం. ఇక్కడ నెలల తరబడి పేరుకున్న పెంట.

రెండు రంగు డబ్బాలు తెప్పించి, సున్నం పడని మూల నుంచి తడి పెంట సమంగా వేయించాను. ఒకదాంట్లో గుప్పెడు సున్నం, రెండోదాంట్లో బయోచార్, అంటే కడిగిన కొబ్బరి చిప్పల బొగ్గు, నూకంత సైజులో. పాలిథిన్ కట్టి అరగంట ఆగాం. సున్నం డబ్బా విప్పగానే ఆయన మొహం తిప్పేసుకున్నారు, కళ్ల వెంట నీళ్లు. రెండోది విప్పితే పెంట వాసనే వచ్చింది, ఘాటు లేదు.

అయితే బయోచార్ కూడా అన్నీ ఒకటి కావు. బాగా ఎక్కువ వేడి మీద కాలినదాని పీహెచ్ కూడా 9, 10 ఉంటుంది. అందుకే గోతిలో కాల్చేటప్పుడు పైన తెల్లగా బూడిద కమ్మకముందే నీళ్లు కొట్టి ఆర్పండి, తర్వాత ఒకసారి కడగండి. పీహెచ్ పేపరు ముక్క కొని చూసుకోండి, పెద్ద ఖర్చేం కాదు. కుప్ప వేసే ఎరువులో బరువుకు 5 నుంచి 10 శాతం కలిపితే బొగ్గు రంధ్రాలు అమ్మోనియంను పట్టుకుంటాయి, కుప్పలోకి గాలి ఆడుతుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు కూడా కలపొచ్చు, కానీ కోళ్ల నోటికి అందని చోట మాత్రమే.

ఆ ఫారంలో అసలు గొడవ నిప్పిల్స్ (కోళ్లు నీళ్లు తాగే గొట్టాల మొనలు) కారడం. ముందు వాటిని మార్పించాను. కింద తడి అలాగే ఉంటే ఎన్ని బస్తాల బొగ్గు పోసినా దండగే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బయోచార్‌తో ఈగలు పోతాయా? పోవు, తడి పోతే పోతాయి. ఎక్కువ వేస్తే ఎక్కువ లాభమా? దుమ్ము లేచి కోళ్లకీ, పనివాళ్లకీ దగ్గు. మేతలో కలిపితే గేదె కడుపులో పుట్టే మీథేన్ గ్యాస్ తగ్గుతుందా? ఫలితాలు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా వచ్చాయి. వాట్సాప్ చూసి దాణాలో కలపకండి.

అపోహ: వాసన లేకపోతే గ్యాస్ లేనట్టే.

మీథేన్‌కి వాసనే ఉండదు. పేడ నీళ్లు నిలవ ఉన్న మూత గుంతల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా ప్రమాదం. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కే పనిచేయడం మానేస్తుంది. పైన బొగ్గు చల్లాం కదా, వాసన తగ్గింది కదా అని ఎవరినీ లోపలికి దింపకండి. లోపల ఎవరైనా పడిపోయినా వెనకే దూకకండి. ముందు 108కి, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయండి.