ఆళ్వారుస్వామి మూట నుంచి ఆర్టీసీ పార్శిల్ దాకా

నల్లగొండలో పుస్తకాల దుకాణాలకు కొదవేమీ లేదు. జూన్ వచ్చిందంటే నోటు పుస్తకాలు, అట్టలు, పెన్నుల కోసం జనం వరస కడతారు. ఏదో ఒక ఉద్యోగ ప్రకటన వెలువడితే చాలు, కానిస్టేబుల్, గ్రూప్స్, డీఎస్సీ గైడ్లు గుమ్మం దాటి అరుగు మీదికి వస్తాయి. ఆ మధ్య అలాంటి ఒక దుకాణంలో ఒక నవల పేరు చెప్పి ఉందా అని అడిగాను. యజమాని చాలా మర్యాదగా, "ఏ పరీక్షకు సార్?" అన్నాడు. పరీక్షకు కాదు, చదువుకోవడానికి అన్నాను. కాసేపు ఆలోచించి, "హైదరాబాదు నుంచి తెప్పించవచ్చు గానీ, ఒక్క కాపీకి పార్శిల్ ఖర్చు గిట్టదు సార్" అన్నాడు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. కాకపోతే ఈ జిల్లా గతం తెలిసినవారికి ఆ మాట కొంచెం గుచ్చుకుంటుంది. తెలంగాణలో తెలుగు పుస్తకాన్ని ఊరూరా తిప్పి అమ్మిన మనిషి ఈ నేల మీదే పుట్టాడు. ఆ తరువాత రాష్ట్రమంతా శాఖలు తెరిచిన పుస్తక సంస్థలకు అండగా నిలిచిన ఉద్యమమూ ఇక్కడిదే. మరి చదువుకునే పుస్తకం దొరికే చోటు ఎందుకు కరవైంది? దీనికి జవాబు వ్యాపార లెక్కల్లో కొంతే ఉంది. మిగతాది చరిత్రలో వెతుక్కోవాలి.

నిజాం రాజ్యంలో బడి చదువు ఉర్దూలో సాగేది. తెలుగు చదవాలంటే గ్రంథాలయమే దిక్కు. షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండలో 1918లో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం నెలకొల్పి, 1922లో నీలగిరి పత్రిక నడిపారు. అప్పట్లో పుస్తకాల అంగడి అనే ఆలోచనకే తావు లేదు. కొనేవాళ్లు పదిమంది, వాళ్లు పది ఊళ్లలో. అందుకే అమ్మేవాడే వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లాలి.

వెళ్లినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నకిరేకల్ ప్రాంతంలో పుట్టి, బడికి పెద్దగా నోచుకోక, హోటల్లో పనిచేసి, ఆపై ప్రూఫులు దిద్ది బతికిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. కాశీనాథుని నాగేశ్వరరావు బిరుదే ఆ సంస్థకు పేరు. అచ్చు వేయించిందీ ఆయనే, మూట కట్టిందీ ఆయనే, భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మిందీ ఆయనే. ప్రచురణకర్త, పంపిణీదారు, చిల్లర వర్తకుడు అని ఇప్పుడు మనం విడివిడిగా చెప్పే మూడు పనులూ ఒక్క భుజం మీద నడిచాయి. దాదాపు అదే కాలంలో కె.సి. గుప్త అణా గ్రంథమాల కూడా మొదలైంది. పుస్తకం వెల ఎంతో పేరులోనే ఉంది.

ఈ రెండూ లాభం కోసం పెట్టినవి కావు. ఇక్కడ పుస్తకం అమ్మకం వ్యాపారంగా పుట్టలేదు, ప్రచారంగా పుట్టింది. తరువాతి అరవై ఏళ్ల కథంతా ఆ పుట్టుకను బట్టే నడిచిందని నా నమ్మకం.

సాయుధ పోరాటం ముగిసి 1952 ఎన్నికలు వచ్చేసరికి నల్లగొండ దేశానికి తెలిసిన పేరు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండగా ప్రజాస్వామ్య ఫ్రంటు పేరున నిలబడిన రావి నారాయణరెడ్డి ఇక్కడ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. అదే ఏడు విజయవాడలో ఆ పార్టీ పత్రికగా విశాలాంధ్ర దినపత్రిక మొదలైంది. దాని వెంటే అదే పేరుతో ప్రచురణాలయం, ఆపై పుస్తక విక్రయశాలలు. ఒక పట్టణంలో శాఖ తెరవడానికి జనాభా లెక్కలు చూసేవారని నేను అనుకోను. పార్టీ ఎక్కడ బలంగా ఉందో అక్కడ బల్ల పడేది, వీలైతే గది అద్దెకు దొరికేది. 1964లో పార్టీ చీలాక మరో పక్షం ప్రజాశక్తి పేరున తనదైన ప్రచురణ, విక్రయ వ్యవస్థను పెంచుకుంది. అలా ఒక సిద్ధాంతం నుంచి రెండు పుస్తక దుకాణాల గొలుసులు సాగాయి.

నల్లగొండకు, పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కు, తేడా ఇక్కడే వచ్చింది. తెలుగు అచ్చుకు రాజధాని విజయవాడ. అక్కడ ఏలూరు రోడ్డులో కట్టిన కట్ట హైదరాబాదు బయలుదేరితే కోదాడ, సూర్యాపేట, నకిరేకల్ దాటి పోవాలి. దారిలో నాలుగు కట్టలు దింపడం పెద్ద పని కాదు. పాలమూరు ఆ దారి మీద లేదు. హైదరాబాదు నుంచి కర్నూలు వైపు పోయే రోడ్డు మీద ఉంది. పుస్తకం ముందు రాజధాని చేరి, అక్కడి నుంచి మళ్లీ దక్షిణానికి దిగాలి. గద్వాల, అలంపురం వాళ్లకు కర్నూలే దగ్గర. పార్టీ బలం కూడా నల్లగొండలో ఉన్నంత ఇక్కడ లేదు. అలంపురం ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి సైతం 1926లో గోలకొండ పత్రిక పెట్టింది హైదరాబాదులోనే. పాలమూరు నుంచి కూలీలు వలస పోయారని అందరూ రాశారు. చదువరులూ, రాతగాళ్లూ వలస పోయిన సంగతి అంతగా రాయలేదు.

ఈ విక్రయశాలలు ఎలా నడిచేవో చూస్తే అవి ఎందుకు అంత కాలం నిలిచాయో అర్థమవుతుంది. సొంత ప్రచురణలు ఉండడంతో మధ్యవర్తి వాటా మిగిలేది. ఇతరుల పుస్తకాలను కమిషన్ మీద అమ్మేవారు. సభ ఎక్కడ జరిగితే అక్కడ, ముఖ్యంగా ఉపాధ్యాయ సంఘాల మహాసభల్లో, గుమ్మం పక్కన బల్ల వేసేవారు. దుకాణానికి రాని పాఠకుడి కోసం సంచార పుస్తకాలయం ఉండేది, అంటే పుస్తకాల వ్యాను.

ఆ వ్యాను నాకు బాగా గుర్తు. గడియారం చౌరస్తాకు కొంచెం అవతల ఆగేది. పక్క తలుపు పైకెత్తితే అదే ఎండకు చూరు. లోపల అరల్లో పుస్తకాలు ప్రయాణంలో జారిపడకుండా అడ్డంగా సన్నని కమ్మీ. మేం పిల్లలం పెద్దల చేతుల కింద నుంచి దూరి బొమ్మల పుస్తకాల దగ్గరికి చేరేవాళ్లం. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు అవి. దళసరి కాగితం, గట్టి అట్ట, రంగుల బొమ్మలు, వింతైన సిరా వాసన. అయిదు రూపాయలు తీసుకెళితే రెండు పుస్తకాలు వచ్చేవి, పైగా చిల్లర మిగిలేది. చివరి పేజీలో అనువాదం గురించి, అచ్చు గురించి మీ అభిప్రాయం రాయండని జూబోవ్‌స్కీ బుల్వార్, మాస్కో చిరునామా ఉండేది. నల్లగొండ పిల్లవాడి అభిప్రాయం మాస్కోకు కావలసి రావడం ఎంత గొప్ప సంగతో అప్పుడు తెలియలేదు. నేను రాయనూ లేదు.

ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు ఉప్పల లక్ష్మణరావు వంటి అనువాదకులను మాస్కోకు పిలిపించుకుని మరీ ఈ పుస్తకాలు వేశాయి. వాటి వెల కాగితం ఖర్చుకైనా సరిపోయేదా అన్నది అనుమానమే. ఆ నష్టాన్ని సోవియట్ ప్రభుత్వం భరించింది. మన ఊళ్లలోని పుస్తకాల గదుల అద్దెలో కొంత భాగం, చుట్టుతిప్పి చూస్తే, మాస్కో కట్టినట్టే. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఉన్న నిల్వలు కొన్నేళ్లపాటు అమ్ముడుపోయాయి, కొత్తవి రాలేదు. సంస్థలు తెలుగు రచయితల సంపుటాలు, చరిత్ర, సైన్సు పుస్తకాలతో నిలదొక్కుకున్నాయి. కానీ వ్యాను చుట్టూ పిల్లల్ని పోగుచేసిన ఆ చవక మళ్లీ రాలేదు.

2014లో రాష్ట్రం విడిపోయింది. విశాలాంధ్ర అంటేనే తెలుగువారంతా ఒకే రాష్ట్రంగా ఉండాలన్న కోరిక. ఆ పేరున్న బోర్డు తెలంగాణలో ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇక్కడి భాగం నవచేతన అయింది. ప్రజాశక్తి ఇక్కడ నవతెలంగాణ అయింది. బోర్డులు మారాయి, అరలూ పుస్తకాలూ చాలావరకు అవే. మారిన అసలు సంగతి మరొకటి: విజయవాడలో అచ్చయిన పుస్తకం ఒకప్పుడు సొంత శాఖకు వచ్చేది, ఇప్పుడు పక్క రాష్ట్రపు సంస్థకు వస్తుంది. రెండు ఖాతాలు, రెండు బిల్లులు.

ఈ జాగాలోకి పెద్ద పెట్టుబడి ఎందుకు రాలేదని అడగవచ్చు. 1992లో బొంబాయిలో మొదలైన క్రాస్‌వర్డ్ వంటి గొలుసులు మాల్స్‌ను నమ్ముకున్నాయి. ఇంగ్లిషు పుస్తకాలు, ఆట వస్తువులు, కానుకలు, స్టేషనరీ కలిపితే గానీ వాటికి అద్దె గిట్టదు. అంతటి గొలుసే 2021లో షాపర్స్ స్టాప్ చేతి నుంచి మరొకరి చేతికి మారింది. మిర్యాలగూడలోనో, వనపర్తిలోనో వాళ్లు తెలుగు కథల పుస్తకాలు పెట్టుకుని కూర్చుంటారని ఎదురుచూడడం అత్యాశ.

లెక్క చూడండి. తెలుగు పుస్తకం ఇప్పుడు అయిదు వందల కాపీలు వేస్తే సాహసమే. వంద రూపాయల పుస్తకం మీద చిన్న దుకాణదారుకు మిగిలేది ముప్పై, నలభై రూపాయలు. అందులోనే అద్దె, కరెంటు, రవాణా, అమ్ముడుపోని కాపీల భారం. పుస్తకం మీద జీఎస్టీ లేదు, నిజమే. అద్దెకు ఆ మినహాయింపు లేదు. అదే గైడు అయితే ప్రకటన వచ్చిన నెలలో వంద కాపీలు పోతుంది. ఇంతకీ దుకాణదారు సాహిత్యానికి శత్రువేమీ కాదు, ఇంటి ఖర్చులు ఉన్న మనిషి.

రవాణా సంగతీ తక్కువది కాదు. తక్కువ ధరకు పుస్తకాలు చేరవేసిన రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఉన్నట్టుండి ఆపేసింది. చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. మూడు వందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, అయిదు కిలోలకు వంద. కట్టలు మాత్రం ఎక్కువగా ఆర్టీసీ బస్సుల్లోనే వస్తాయి. బస్టాండు పార్శిల్ గది ముందు గోనెసంచుల మధ్య పుస్తకాల కట్టను గుర్తుపట్టడం తేలిక. చిన్నగా ఉంటుంది, ఎత్తబోతే బరువు తెలుస్తుంది.

ఇక గ్రంథాలయాలు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనమందరం కడుతున్నాం. వసూలు చేసే పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయవన్నది పాత ఫిర్యాదు. ఆ డబ్బు కదిలితే పుస్తకాల కొనుగోలూ కదులుతుంది. 2016లో, 2019లో జిల్లాలు చీలి పాత నల్లగొండ మూడు, పాలమూరు అయిదు జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు లేచినంత వేగంగా పుస్తకాల బీరువాలు నిండలేదు.

నేను అడిగిన నవల పది రోజులకు వచ్చింది. ఒక్క కాపీకి గిట్టదన్న యజమాని దానికి ఒక ఉపాయం చేశాడు. హైదరాబాదు నుంచి కానిస్టేబుల్ గైడ్ల కట్ట వచ్చే రోజు చూసి, అందులోనే అడుగున పెట్టించాడు. నా ముందే తాడు కోసి, గైడ్లన్నీ తీసి పక్కన పేర్చి, చివర నవల బయటికి తీశాడు. ఒకటి కాదు, రెండు కాపీలు. రెండోది ఎవరికని అడిగాను.

"మీరు అడిగారు కదా సార్, ఇంకొకరు అడగరా?" అని దాన్ని గల్లాపెట్టె పక్కన నిలబెట్టాడు.

నెల తరువాత వెళితే అక్కడే ఉంది. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగాడు.