తలుపుల చప్పుడు

చిన్నాకి, అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అమ్మలు అడిగిన ప్రశ్నకి నీళ్లు నమిలాను. "గుండె కొట్టుకుంటుంది అంటారు కదా తాతయ్యా, దేన్ని కొట్టుకుంటుంది?" ఇన్నేళ్లుగా ఆ మాట వాడుతున్నాను గానీ నాకెప్పుడూ ఈ అనుమానం రాలేదు.

గుండె కొట్టదమ్మా, పిండుతుంది. దాని కండపోగులు ఏటవాలుగా చుట్టుకుని ఉంటాయి కాబట్టి, తడిగుడ్డ పిండినట్టు కాస్త మెలితిరుగుతుంది కూడా. మనం వినే లబ్-డబ్ మాత్రం ఆ పిండుడు చప్పుడు కాదు. లోపల తలుపులు మూసుకునే చప్పుడు.

గుండె ఎవరి పిడికిలంత వాళ్లకి ఉంటుంది. ఛాతీ ఎముక వెనక, రెండు ఊపిరితిత్తుల మధ్యన దాని చోటు. అందరూ ఎడమ పక్క చెయ్యి వేసి చూపిస్తారు గానీ, ఎడమకి వాలింది దాని కింది కొనే. ఆ కొన ఛాతీ గోడకి తగలడమే మన చేతికి తెలిసేది. అలా చూస్తే కొంచెం కొడుతుందనే ఒప్పుకోవాలి!

పాఠంలో నాలుగు గదులని చదివే ఉంటారు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. నన్నడిగితే అవి ఒకే గోడ పంచుకున్న రెండు ఇళ్లు. ఆ గోడకి దారి లేదు. (మీరు అమ్మ కడుపులో ఉండగా చిన్న కిటికీ ఒకటి ఉండేది. అప్పటికి ఊపిరితిత్తులతో పని లేదు కదా. పుట్టాక చాలామందికి అది పూడిపోతుంది.) ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తం కుడి ఇంట్లోకి చేరుతుంది. పక్క ఇంట్లోకి వెళ్లాలంటే ఊపిరితిత్తులకి పోయి, ఆక్సిజన్ నింపుకుని, చుట్టు తిరిగి రావాల్సిందే. కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు. ఎడమ జఠరికకి నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా తోసే చాకిరీ. అందుకే దాని గోడ కుడిదానికి దాదాపు మూడింతల మందం.

ఇక తలుపులు. వాటిని కవాటాలంటారు. నాలుగే ఉన్నాయి. కర్ణికకీ జఠరికకీ మధ్య ఇంటికొకటి, జఠరిక నుంచి బయటికి పోయే దారిలో ఇంటికొకటి. కాపలావాడెవడూ లేడు. వెనక నుంచి రక్తం తోస్తే తెరుచుకుంటాయి, ఎదురు తోస్తే మూసుకుంటాయి. జఠరికలు బిగియగానే లోపలి తలుపులు రెండూ మూసుకుంటాయి, అది 'లబ్'. పిండడం అయ్యాక, బయటికి పోయిన రక్తం వెనక్కి తన్నుకురాబోతే వీధి తలుపులు మూసుకుంటాయి, అది 'డబ్'. గాలివానకి గొడుగు తిరగబడినట్టు లోపలి తలుపులు తిరగబడకుండా, వాటి అంచులకి సన్నని తాళ్లు కట్టి ఉంటాయి. ఆ తాళ్ల రెండో కొస జఠరిక కండలో పాతుకుని ఉంటుంది.

ఇవన్నీ పుస్తకాల్లో చదివినవే. కళ్లారా చూసింది మాత్రం పోయిన నెల, నాకు ఎకో పరీక్ష, అంటే శబ్ద తరంగాలతో గుండెని తెర మీద చూపించే పరీక్ష, చేసినప్పుడు. ఛాతీకి చల్లటి జెల్ పూసి, దాని మీద చిన్న యంత్రం ఆనించారు. తెర మీద నా కవాటం రెక్కలు టపటపలాడుతున్నాయి! ఎన్నేళ్ల నుంచో నా లోపలే ఉండి, ఆ రోజే నాకు కనిపించింది. ఎరుపు, నీలం రంగులు కూడా మెరుస్తుంటే, నీలం అంటే చెడు రక్తం కాబోలని టెన్షన్ పడ్డాను. తీరా అడిగితే, యంత్రం వైపు వచ్చే రక్తానికి ఎరుపు, దూరంగా పోయేదానికి నీలం వేస్తారట, అంతే. మీ పాఠం బొమ్మలో నీలం వేరు. అక్కడ అది ఆక్సిజన్ తగ్గిన రక్తానికి గుర్తు. నిజానికి ఒంట్లో నీలి రక్తం ఎక్కడా ఉండదు, ఆక్సిజన్ తగ్గితే ముదురు ఎరుపవుతుంది.

నా ఎడమ ఇంటి లోపలి తలుపు సరిగ్గా పడటం లేదని అక్కడే తేలింది. కొద్దిగా లీకవుతోందట. మందు కూడా అక్కర్లేదన్నారు, మీరేం కంగారు పడకండి.

చిన్నాకి లెక్కలంటే ఇష్టం కాబట్టి ఒకటి ఇస్తాను. పెద్దవాళ్ల గుండె తీరిగ్గా ఉన్నప్పుడు ఒక్కసారి పిండితే, ఒక్కో జఠరిక నుంచి దాదాపు 70 మిల్లీలీటర్లు బయటికి పోతాయి. నిమిషానికి 72 సార్లు వేసుకో. ఐదు లీటర్లు వచ్చిందా? గంటకి మూడు వందలు. ఒంట్లో ఉన్న రక్తమే ఐదు లీటర్లు! వెనకటికి తిన్నదంతా కాలేయంలో రక్తమై, ఒంట్లోనే ఖర్చయిపోతుందని నమ్మేవారు. ఇంగ్లండులో విలియం హార్వీ అనే వైద్యుడు ఇలాంటి లెక్కే వేసి, గంటకి అంత రక్తం తయారు కావడం కుదరని పని, ఉన్నదే తిరుగుతూ ఉండాలని 1628లో పుస్తకం రాశాడు. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయే ధమనుల్లోంచి, వెనక్కి తెచ్చే సిరల్లోకి అది ఎలా దాటుతుందో మాత్రం ఆయన చూడలేకపోయాడు. ఆయన పోయిన నాలుగేళ్లకి, 1661లో, ఇటలీ వైద్యుడు మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూస్తే వెంట్రుక కన్నా సన్నని కేశనాళికలు కనిపించాయి.

ఎప్పుడు బిగియాలో గుండెకి మెదడు చెప్పక్కర్లేదు. కుడి కర్ణిక గోడలో చిన్న కణాల గుంపు ఒకటి తనంతట తానే విద్యుత్ సంకేతం పుట్టిస్తూ ఉంటుంది. పరీక్ష హాల్లో గుండె దడదడలాడినప్పుడు మెదడు దాన్ని తొందరపెడుతోందన్నమాట.

స్టెతస్కోపు పుట్టింది 1816లో. ఫ్రాన్సులో లేనెక్ అనే డాక్టరు, ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాల దస్తా గొట్టంలా చుట్టి విన్నాడు. నేరుగా విన్నదాని కన్నా స్పష్టంగా వినిపించిందట. సెలవులకి వచ్చేటప్పుడు మీరూ ఒక అట్ట గొట్టం తెచ్చుకోండి. ముందు ఒకరిది ఒకరు వినండి. తరవాత నాది. నాదాంట్లో లబ్‌కీ డబ్‌కీ మధ్య సన్నగా 'స్స్' అని వినిపిస్తోందని డాక్టరు గారన్నారు. అది మీ గొట్టానికి చిక్కుతుందో లేదో చూద్దాం.

మీ తాతయ్య