ఏపీఎల్: మందు దొరికింది, మొదటి వారమే గండం

వానలు మొదలయ్యాక విశాఖలో ఏ ల్యాబ్ దగ్గర నిలబడినా వినిపించే ప్రశ్న ఒకటే: "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద ఎర్రమచ్చలు, విపరీతమైన నీరసం కనిపిస్తే అందరి అనుమానమూ డెంగీ మీదికే పోతుంది. చాలాసార్లు అది డెంగీయే. ఎప్పుడో ఒకసారి మాత్రం ప్లేట్‌లెట్లతో పాటు హిమోగ్లోబిన్ కూడా బాగా తగ్గి ఉంటుంది. బాగా రక్తం పోతే తప్ప డెంగీలో అలా జరగదు. అక్కడ ఆగి ఆలోచించాలి. అది అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా, డాక్టర్లు పొట్టిగా ఏపీఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ కావచ్చు.

ఇది చాలా అరుదు. అమెరికా లెక్కల ప్రకారం ఏటా పది లక్షల మందిలో ఇద్దరికో ముగ్గురికో వస్తుంది. దీని దగ్గరి చుట్టాలైన మిగతా ల్యుకేమియాలు ఎక్కువగా ముసలితనంలో వస్తే, ఇది పడుచువాళ్లనీ నడివయసు వాళ్లనీ కూడా పట్టుకుంటుంది. 1957లో నార్వే డాక్టర్ హిల్లెస్టాడ్ ముగ్గురు రోగులను వర్ణిస్తూ దీన్ని వేరే జబ్బుగా గుర్తించాడు. రక్తస్రావమై వారాల్లోనే ప్రాణం పోతుందని ఆనాడే రాశాడు. 1977లో షికాగోలో జానెట్ రౌలీ బృందం మూలాన్ని చూపించింది: 15, 17 నంబర్ల క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారిపోతాయి. దాంతో తెల్ల రక్తకణం సగం ఎదిగి ఆగిపోతుంది. ఆ సగం ఎదిగిన కణాలు రక్తం గడ్డకట్టే పద్ధతినే చెడగొడతాయి. మెదడులో రక్తం కారితే ఇక చేయగలిగింది తక్కువ.

వైద్యం మాత్రం ఎవరూ ఊహించని దిక్కు నుంచి వచ్చింది. కణాన్ని చంపకుండా, ఆగిపోయిన చోటు నుంచి ఎదగనిస్తే? షాంఘైలో వాంగ్ జెన్‌యీ ఆ ఆలోచనతో 1985లో ఐదేళ్ల పాపకు విటమిన్ ఏ నుంచి తయారయ్యే ఆట్రా అనే మందు ఇచ్చాడు. పాప కోలుకుంది. 1988లో ఆయన బృందం 24 మంది ఫలితాలు ప్రకటించింది. వాళ్లలో 23 మందికి ఆ ఒక్క మందుతోనే రోగం కనపడకుండా పోయింది. కీమో తప్ప దారి లేదనుకునే రోజుల్లో మింగే క్యాప్సూల్ ఈ పని చేసింది! ఇంకోవైపు 1970లలోనే చైనాలోని హార్బిన్ డాక్టర్లు నాటు వైద్యపు మందులో ఈ జబ్బు మీద పని చేస్తున్నది ఆర్సెనిక్ అని పట్టుకున్నారు. మన పెద్దవాళ్లు పాషాణం అనే విషం అదే.

మనవాళ్ల వంతు ఇక్కడ చెప్పుకోవాలి. పెద్ద జబ్బు అనగానే విశాఖవాసులు రైలెక్కి కాట్పాడిలో దిగి వెళ్లే రాయవెల్లూరు సీఎంసీలో, ఖరీదైన కీమో భరించలేని రోగులను దృష్టిలో పెట్టుకుని, 1998 నుంచి 2004 వరకు 72 మందికి ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ప్రధాన మందుగా ఇచ్చారు. 86 శాతం మందికి రోగం అదుపులోకి వచ్చింది. 2013లో యూరప్ పరిశోధకులు తీవ్రత తక్కువ, మధ్యస్థంగా ఉన్న రోగులకు ఆట్రా, ఆర్సెనిక్ కలిపి ఇస్తే రెండేళ్లకు 97 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారని చూపించారు.

ఆ 97 చూసి మురిసిపోయే ముందు ఒక సంగతి గమనించాలి. ఇలాంటి పరిశోధనల్లో చేరేది, చేరేదాకా బతికి ఉన్నవాళ్లే. స్వీడన్‌లో 1997 నుంచి 2006 వరకు దేశంలోని రోగులందరినీ లెక్కపెడితే, వందకు 29 మంది మొదటి నెలలోనే పోయారు. ఆట్రా ఉన్న కాలంలో, అంత సదుపాయాలున్న దేశంలో అది జరిగింది. నాకు ఈ అంకె అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. ఇప్పుడు ఈ జబ్బులో ప్రాణాలు తీసేది ఆలస్యం.

పాడేరు నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి నూరు కిలోమీటర్ల పైచిలుకు, అదీ ఘాట్ రోడ్డు. ఇచ్ఛాపురం నుంచి ఇంకా ఎక్కువ. దారిలో రెండు మూడు చోట్ల సెలైన్లు ఎక్కించుకుని, డెంగీ పరీక్షలు చేయించుకుని చేరేసరికి ఎన్ని రోజులు పోతాయో ఆ కుటుంబాలకే తెలుసు. నిజానికి మొదటి ఆధారం ఖరీదైనది కాదు. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తే కొన్ని కణాల్లో సన్నని పుల్లలు కట్టెల మోపులా కనిపిస్తాయి. అది చూశాక జన్యు పరీక్ష రిపోర్టు కోసం ఎదురుచూడకూడదు. అనుమానం వచ్చిన గంటల్లోనే ఆట్రా మొదలుపెట్టాలి, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ఎక్కిస్తూ ఉండాలి. పరీక్షలో ఏపీఎల్ కాదని తేలితే క్యాప్సూల్ ఆపేస్తే సరిపోతుంది.

బ్రెజిల్, మెక్సికో, చిలీ, ఉరుగ్వే డాక్టర్లు సరిగ్గా ఈ పద్ధతినే పట్టుకుని, ఒకరినొకరు సంప్రదించుకుంటూ వైద్యం చేశారు. బ్రెజిల్‌లో అంతకుముందు మొదటి దశలోనే నూటికి 32 మంది వరకు పోయేవాళ్లు. ఈ నాలుగు దేశాల్లో కలిపి అది 15కి దిగింది. కొత్త మందేమీ లేదు. నర్సీపట్నంలోనో పార్వతీపురంలోనో ల్యాబ్ టెక్నీషియన్ తనకు అనుమానం కలిగించిన స్లైడును ఫోన్‌లో ఫొటో తీసి, విశాఖలోని రక్తవ్యాధుల నిపుణుడికి ఆ పూటే పంపే ఏర్పాటుకు కూడా కొత్త మందు అక్కర్లేదు.