కోడికునుకుకి కొమ్మ కావాలి

డిసెంబరులో విశాఖలో అయిదున్నరకల్లా పొద్దుగూకిపోతుంది. సింహాచలం కొండ మీద ఎండపొడ ఇంకా మిగిలుండగానే పెందుర్తిలో మా పెరటి కోళ్లు ఏడూ మేత వదిలేసి గూటి గుమ్మం దగ్గర చేరతాయి. లోపలికెళ్లినా కింద కూర్చోవు. తల పక్కకి వాల్చి ఒంటికంటితో పైనున్న సరుగుడు కర్రను చూస్తాయి. కాళ్లు వంచి, ఆగి, మళ్లీ వంచి ఒక్క ఊపున ఎగురుతాయి. ఎక్కాక ఓ పావుగంట తోపులాట. పెత్తనం చేసే పెట్టకి అందరికన్నా ఎత్తైన చోటు కావాలి. అది ముక్కుతో ఒక్క పోటు పొడిస్తే పక్కది జరగాల్సిందే. కోళ్లలో ఈ పొడిచే వరుస పక్కాగా ఉంటుందని నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె 1921లోనే వివరించాడు.

ఈ ఎక్కే అలవాటు అడవిది. మన పెరటి కోడికి మూలం ఎర్ర అడవికోడి. పాడేరు, అరకు వైపు తూర్పు కనుమల్లో అది ఇప్పటికీ ఉంది. పగలంతా నేల మీద ఆకులు కెలుక్కుని తింటుంది, చీకటి పడితే కొమ్మెక్కుతుంది. కోడి కంటికి పగలు రంగులు మనకన్నా బాగా తెలుస్తాయి కానీ మసక చీకట్లో చూపు ఆనదు. రాత్రి కర్ర మీదున్న పెట్టను చేత్తో ఎత్తితే గింజుకోకుండా వచ్చేస్తుంది. అలా ఏమీ కనిపించని వేళ నేల మీద ఉండటం దానికి ప్రాణభయం. వేల ఏళ్లుగా మనింట్లో మేత తింటున్నా ఆ భయం దాన్ని వదల్లేదు.

నిద్రలో పడిపోదా అని పిల్లలు అడుగుతుంటారు. కోడి కాలు వెనక్కి వంగే చోటుని మనం మోకాలు అనుకుంటాం. నిజానికి అది చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. కాలివేళ్లను ముడిచే స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు, ఆ చీలమండ వెనక నుంచి కిందికి దిగుతాయి. కోడి బరువు దించి కూర్చోగానే కీలు మడతపడుతుంది, ఆ తాళ్లు బిగుస్తాయి, వేళ్లు కర్రను చుట్టుకుంటాయి. కూర్చున్న పెట్ట కింద మెల్లగా వేలు పెట్టి చూడండి, ఆ పట్టు తెలుస్తుంది.

మన భాషలో కోడికునుకు అన్న మాట ఊరికే పుట్టలేదు. పక్షులకు మనం కలలు కనే దశ లాంటి నిద్ర ఒక్కోసారి కొన్ని సెకన్లే ఉంటుంది, రాత్రంతా అలా తునకలు తునకలుగా వస్తుంది. పైగా మెదడులో సగం నిద్రపోతూ సగం మేలుకుని, ఒక కన్ను తెరిచి పడుకోవడం వాటికి చేతనవును. వరుస చివర పడుకున్న బాతులు బయటివైపు కన్నునే ఎక్కువగా తెరిచి ఉంచుతాయని 1999లో వచ్చిన పరిశోధన చూపించింది. కోడిపిల్లల్లోనూ ఇలాంటి ఒంటికంటి నిద్రను గమనించారు. కాబట్టి పక్కన తోడు, కాళ్ల కింద ఎత్తు ఉంటేనే దానికి నిద్ర కుదురుతుంది.

"గంప కింద మూసీకపోతే ముంగిస ఎత్తుకెళ్లిపోద్ది," అంటుంది మా అమ్మ. ఆ మాట నిజమే. ఎగరలేని పిల్లలున్నప్పుడు, తల్లి వాటిని రెక్కల కింద పెట్టుకున్న రోజుల్లో గంపను మించిన చోటు లేదు. ఎదిగిన కోడికి మాత్రం గంప కింద చిక్కు రెట్టతో వస్తుంది. రాత్రిపూట కూడా అది రెట్ట వేస్తూనే ఉంటుంది. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. తడి ఎంత ఉంటే ఆ పని అంత జోరుగా సాగుతుంది. మన సముద్రపు గాలిలో తేమకి కొదవ లేదు కదా. గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్లు మించితే ఆ వాయువు కోడి కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. తెల్లారి గూడు తెరవగానే మన కళ్లు మండాయంటే కోడి రాత్రంతా అందులోనే ఉందన్నమాట.

మూడేళ్ల కిందట మేం కొన్న ఇనప గూట్లో కర్రకు బదులు సన్నటి పైపు ఉండేది. అదీ గుడ్లు పెట్టే పెట్టెల కన్నా కిందికి. కోళ్లు ఎప్పుడూ ఎత్తైన చోటే వెతుక్కుంటాయి కనుక పెట్టెల్లోనే పడుకునేవి, పొద్దున్న గుడ్లన్నీ రెట్టతో దొరికేవి. నాకు కోపమొచ్చింది కోళ్ల మీద కాదు, కోడి ఎలా పడుకుంటుందో చూడకుండా దానికి ఇల్లు కట్టినవాళ్ల మీద. పైపు పీకేసి, నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉన్న సరుగుడు కర్రల్ని పెట్టెల కన్నా ఎత్తులో, గోడకి ఓ అడుగు ఎడంగా వేశాం. ఒక్కో కోడికి జానెడు చోటు ఇస్తే చాలు, వేసవిలో ఇంకాస్త. కర్ర కింద ఇంకో కర్ర నేరుగా రాకూడదు, పైదాని రెట్ట కిందిదాని వీపున పడుతుంది. నిచ్చెనలా ఏటవాలుగా వేయాలి. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా లాంటి బరువు కోళ్లకి అడుగున్నర, రెండడుగుల ఎత్తు చాలు. అవి ఎక్కడం ఎలాగో ఎక్కేస్తాయి, దూకేటప్పుడే రొమ్ము ఎముకకీ పాదాలకీ దెబ్బ తగులుతుంది.

సరుగుడు కర్రకి బెరడు ఒలిచేయాలి, ఇది మరిచిపోవద్దు. కోడి రక్తం తాగే ఎర్ర పురుగులు మంచం నల్లుల్లాగే పగలు సందుల్లో దాక్కుని రాత్రి బయటికొస్తాయి. పగలు కోడిని ఎంత వెతికినా ఒక్కటీ దొరకదు. రాత్రి తెల్లగుడ్డతో కర్ర అడుగున, చివరల్లో రుద్ది టార్చి వేసి చూడండి. ఎర్రటి గీతలు పడితే ఉన్నట్టే. మాకు ఓ ఏడాది మేలో అలాగే పడ్డాయి. అప్పటిదాకా పెట్టలు సాయంత్రం గూట్లోకి రావడానికి ఎందుకు మొరాయిస్తున్నాయో మాకు తోచలేదు.

మే నెలంటే ఉక్క. కోడి ఒళ్లు ఎప్పుడూ 41 డిగ్రీల దగ్గర ఉంటుంది, దానికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పుతూ తేమను ఆవిరిచేసి చల్లబడుతుంది. బయటి గాలే తేమతో నిండి ఉంటే ఆ ఉపాయం సరిగా పారదు. అందుకే రేకు కింద చూరు పొడవునా, కోడి తలకన్నా ఎత్తులో జానెడు ఖాళీ వదిలి దానికి అరంగుళం కన్నం జాలీ కొట్టాం. వేడి, అమ్మోనియా అటుగా పోతాయి, కర్ర మీది కోడికి ఈదర తగలదు. పెద్ద కన్నాల జాలీ కోడిని ఆపుతుంది కానీ పామునీ ముంగిసనీ ఆపదు. రేకు మీద తాటాకు కప్పాక రాత్రి రొప్పడం బాగా తగ్గింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన రేకులన్నీ ఎగరేసుకుపోయాక ఇక్కడెవరూ కప్పును వదులుగా వదలరు. మేమూ ఇనప తీగతో నాలుగు మూలలా కట్టాం. తుపాను రోజుల్లో జల్లు కొట్టే వైపు గోనెపట్టా దించుతాం, చూరు ఖాళీ మాత్రం మూయం.

కొత్తగా తెచ్చిన కోళ్లు కొన్ని కర్రెక్కడం ఎరగవు. చీకటి పడ్డాక ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో ఎత్తి, పాదాలు కర్రకి ఆనించి, వేళ్లు బిగిసేదాకా పట్టుకుని వదలాలి. కిందటి నెల తెచ్చిన చుక్కల పెట్టకి నాలుగు రాత్రులు అలా చేశాను. అయిదో సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు పైకి చూసింది. తర్వాత ఎగిరింది. కర్ర చివర, గోడవైపు, చోటు దొరికింది.