కీర్తనలా, కొత్త పాటలా: ఈ గొడవ గుండ్లకమ్మ ఒడ్డు నుంచి చూడాలి

సెమీ క్రిస్మస్ ప్రోగ్రాములు మొదలయ్యాయంటే పాటల గొడవ కూడా మొదలైనట్టే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పక్కన పెట్టేసి ముందే రికార్డు చేసిన మ్యూజిక్ ట్రాకుల మీద కొత్త పాటలు పాడుతున్నారని పెద్దవాళ్ల బాధ. ఆ పాత కీర్తనల గ్రాంథికం తమకు అర్థం కావడం లేదని కుర్రవాళ్ల మాట. సినిమా బాణీలకు యేసు పేరు తగిలిస్తున్నారని ఒక ఫిర్యాదు, గుడిలో, అంటే చర్చిలో, డప్పు దరువు ఏమిటని ఇంకో అభ్యంతరం. మిషనరీలు ఎప్పుడొచ్చారో, బైబిలు తెలుగులోకి ఎలా వచ్చిందో చాలామందికి తెలిసిందే. ఈ తగాదా లోతు తెలియాలంటే మాత్రం 1878 దగ్గర ఆగాలి.

ధాత కరువు జనాన్ని నమిలేసిన కాలం అది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి పని చూపించాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు. ఆ పల్లెలకు ముందుగా సువార్త మోసుకెళ్లినవాడు కూడా మాదిగవాడే, యెర్రగుంట్ల పేరయ్య. క్రైస్తవుడు కాకముందు ఆయన రాజయోగమనే ధ్యాన మార్గంలో నడిచినవాడు.

అన్ని పల్లెలకు సరిపడా బోధకులు లేరు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో చాలామందికి అక్షరం రాదు. చేతికి బైబిలు ఇచ్చినా చదివేవాళ్లు లేరు. ఇక మిగిలింది పాట. ఒకరు చరణం ఎత్తుకుంటే అందరూ అందుకోవడం, పల్లవి దగ్గర మళ్లీ అందరూ కలవడం. యేసు పుట్టుక, సిలువ, పునరుత్థానం ఎన్నో ఇళ్లలోకి అలా చెవి దారినే వచ్చాయి. పొలంలో కలుపు తీస్తూ పాడుకున్న చరణమే వాళ్లకు వాక్యం. బైబిల్లో పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో ‘సంగీతములతోను కీర్తనలతోను ఆత్మసంబంధమైన పద్యములతోను ఒకనికి ఒకడు బోధించుచు’ అన్న మాట ఉంది. ‘ఒకనికి ఒకడు’ అన్నది ఆ పల్లెల్లో అక్షరాలా జరిగింది.

వాళ్లు పాడుకోవడానికి కీర్తన అనే రూపం అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1890లో చనిపోయే నాటికి వందకు పైగా కీర్తనలు రాశాడు. ఇంగ్లీషు బాణీలో తెలుగు మాటలు ఇరికిస్తే ఏమవుతుందో పాడేవాళ్లకు తెలుసు. గురువు ఉండాల్సిన చోట లఘువు పడుతుంది, మాట మధ్యలో విరుగుతుంది. చౌదరి రాగం, తాళం, పల్లవి, చరణం అన్నీ ఈ నేల సంప్రదాయంలోనివే తీసుకున్నాడు. ఈనాటికీ పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చువేస్తారు. కొత్త పాటలను ‘లోకపు బాణీలు’ అనే పెద్దలు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఆ రాగాలు కూడా చర్చిలో పుట్టినవి కావు.

పైన అచ్చువేసిన రాగం ఏదైనా పల్లెల్లో అదే నిలవలేదు. ఒకే కీర్తన గుంటూరు వైపు ఒక రకంగా, కోస్తా ఉత్తరాన మరో రకంగా వినిపిస్తుంది. పాడినవాళ్లు తమ గొంతుకు, తమ పనికి తగ్గట్టు దాన్ని మార్చుకున్నారు. నా దృష్టిలో కీర్తన బతికింది అందువల్లే.

డప్పు సంగతి దీనికంటే బరువైనది. మాదిగ క్రైస్తవులు గ్రామ దేవతల జాతర్లలో డప్పు కొట్టం అని తెగేసి చెప్పారు. దానికి కరణాల, ఊరి పెద్దల కోపం భరించారు. డప్పు వదలడం ఆ తరానికి వెట్టి వదలడంతో సమానం. అందుకే ఆ తరం గుడిలోకి డప్పు రాలేదు. ఇప్పుడు వాళ్ల వారసులు అదే డప్పును ఆత్మగౌరవంతో చేతపట్టి గుడిలోకి తెస్తున్నారు. ‘తంబురతోను నాట్యముతోను’ స్తుతించమన్న బైబిల్లోని 150వ కీర్తన వాళ్ల పక్షాన ఉంది. వద్దనే పెద్దల్లో కొందరి మనసులో ఉన్నది భక్తి కంటే ఆ పాత గాయమే. ఆ గాయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

కుర్రవాళ్లు ఎత్తిచూపే వాక్యం ‘యెహోవామీద క్రొత్త కీర్తన పాడుడి’. అది న్యాయమే. పాట కొత్తదైనందుకు నాకూ బాధ లేదు. నా బాధ వేరు. వేదిక మీద నలుగురు మైకులు పట్టుకుని పాడతారు, కీబోర్డు, రిథమ్ ప్యాడ్ హోరెత్తుతాయి, కింద రెండు వందల మంది చప్పట్లు కొడుతూ వింటారు. ఆ శ్రుతి సంఘానికి అందదు, పల్లవి ఎక్కడ తిరిగి వస్తుందో తెలియదు. ముందు వరసలోని ముసలమ్మ పెదవులు కదిలించి ఆపేస్తుంది. 1878లో చదువు రానివాళ్లకు అందిన పాట, ఇప్పుడు చదువుకున్నవాళ్ల నోటికి కూడా అందడం లేదు.

కొన్ని పట్టణ సంఘాల్లో పొద్దున ఒక ఆరాధన కీర్తనలతో, తర్వాత ఇంకొకటి కొత్త పాటలతో నడిపి గొడవ చల్లార్చుకుంటున్నారు. ఒకే ఇంట్లో అమ్మానాన్నలు ఒక ఆరాధనకు, పిల్లలు మరోదానికి వెళ్తారు. మళ్లీ అందరూ కలిసి పాడేది ఎవరైనా పోయినప్పుడు జరిగే ఆదరణ కూడికలోనే. అక్కడ మైకు ఉండదు. ఎవరో ఒకరు కీర్తన ఎత్తుకుంటారు. పుస్తకం తెరవకుండానే మిగతావాళ్లు అందుకుంటారు.