కాలయాత్రికుడి వయసు: అపోహలు - వాస్తవాలు

వృద్ధాప్యాన్ని అధ్యయనం చేసే కణజీవశాస్త్ర ప్రయోగశాలలో పనిచేస్తాను. కాలయాత్ర కథలు రాసే మిత్రులు తమ రాతప్రతులు నాకిచ్చి, సైన్సు సరిపోయిందో లేదో చూడమంటుంటారు. వాటిలో తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: గతంలోకి వెళ్లినవాడి వయసు కూడా వెనక్కి వెళ్తుంది.

వాస్తవం: శరీరానికి క్యాలెండరుతో పనిలేదు, తనలో జరిగిన మార్పులే దాని లెక్క. మామూలు మానవ కణాలు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని అమెరికా శాస్త్రవేత్త లియోనార్డ్ హేఫ్లిక్ 1961లో చూపారు. ఆ కణాలను మధ్యలో గడ్డకట్టించి, ఏళ్ల తర్వాత కరిగించినా, ఆగినచోటి నుంచే లెక్క కొనసాగించాయి. మా దగ్గరా అంతే: మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోంచి తీసిన చిన్న గొట్టాన్ని గోరువెచ్చని నీటిలో కరిగించి, గులాబీరంగు ద్రావణంలో పెంచుతాం. గొట్టంపై ఎన్నేళ్ల కిందటి తేదీ ఉన్నా, ఆ కణాలు పక్కనే మార్కరుతో రాసిన విడత సంఖ్యనే (కొత్త పాత్రలోకి మార్చి ఎన్నిసార్లు పెంచామన్న లెక్కనే) పాటిస్తాయి. చివరి విడతల్లో, సన్నగా కదురులా ఉండాల్సినవి పెనంమీద పిండిలా వెడల్పుగా పరచుకుని కదలకుండా ఉండిపోతాయి. నా దృష్టిలో అసలైన కాలయాత్రికులు అవే.

అపోహ: కాంతివేగానికి దగ్గరగా ప్రయాణిస్తే ఆయుష్షు పెరుగుతుంది.

వాస్తవం: భాగవతంలో కకుద్మి అనే రాజు తన కూతురు రేవతితో బ్రహ్మలోకానికి వెళ్లి, గానం ముగిసేదాకా వేచి ఉండేసరికి భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. అంతమాత్రాన వారు అన్ని యుగాలు బతికినట్టు కాదు. వారికి గడిచింది ఆ కాసేపే. వేగంగా వెళ్లేవారికి కాలం నెమ్మదిగా గడుస్తుందనే సాపేక్ష సిద్ధాంతం ప్రకారం కూడా యాత్రికుడికి అదనంగా ఒక్క గుండెచప్పుడు దక్కదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు గడిపిన వ్యోమగామికి, భూమ్మీది గడియారంతో వచ్చే తేడా సెకనులో సుమారు 200వ వంతే.

అపోహ: టెలోమియర్లు (కణం విభజన చెందే కొద్దీ కురచయ్యే క్రోమోజోముల చివరి తొడుగులు) పొడవైతే యవ్వనం తిరిగి వచ్చినట్టే.

వాస్తవం: 340 రోజులు అంతరిక్షంలో ఉన్న వ్యోమగామి స్కాట్ కెల్లీ టెలోమియర్లు అక్కడ పొడవయ్యాయి, 2016లో దిగిన కొద్దిరోజుల్లోనే కురచబడ్డాయి, ఆయన మాత్రం కుర్రవాడు కాలేదు. పైగా వాటిని పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైము చాలా కాన్సరు కణాలకూ ఆయుధమే. కథానాయకుడికి టెలోమరేజ్ సూది వేయించేవారు ఈ సంగతినీ కథలో చూపాలి.

అపోహ: కణాల వయసును వెనక్కి తిప్పడం అసాధ్యం.

వాస్తవం: ఇక్కడ మాత్రం కథకులే అతిజాగ్రత్తపడుతున్నారు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక 2006లో నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాలను పిండదశకు దగ్గరగా తీసుకెళ్లారు. అయితే పూర్తిగా వెనక్కి వెళ్లిన కణం తాను చర్మానికి చెందిన సంగతే మరచిపోతుంది. బతికున్న ఎలుకల్లో అలా చేస్తే కణితులు పుట్టాయి. ఎంతదూరం తిప్పి ఎక్కడ ఆపాలన్నదే ఇప్పుడు పరిశోధకుల ముందున్న చిక్కు. దాన్ని ముడిగా చేసుకున్న కథ ఇంతవరకు నా బల్లమీదికి రాలేదు.